కొత్త ప్లగ్గులు వేసినా మిస్సింగ్ ఎందుకు తిరిగొస్తుంది?

పెట్రోలు బండి మిస్సింగ్ కొడుతోందంటే, అంటే సిలిండర్లో మంట అంటుకోక ఇంజను తడబడుతోందంటే, ఎవరి చెయ్యైనా ముందు ఆ మంట అంటించే స్పార్క్ ప్లగ్గుల మీదికే వెళ్తుంది. అందులో తప్పేం లేదు. ఖర్చు తక్కువ, పని చిన్నది, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది కూడా. చిక్కంతా తీరినట్టే కనిపించి తీరని బళ్ళతోనే. కొత్త ప్లగ్గులు పడగానే ఇంజను నున్నగా తిరుగుతుంది, పికప్ వస్తుంది. నెలో రెండు నెలలో గడిచాక ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మళ్ళీ అదే జర్కు. ఓనరుకి డూప్లికేట్ ప్లగ్గులు అంటగట్టారేమోనని అనుమానం, మెకానిక్కి ఇంజెక్టర్ల మీద అనుమానం. ఒకదాని తర్వాత ఒకటి సామాను మారుతూనే ఉంటుంది. ఇంజను నెత్తిన ఉన్న టాపెట్ కవర్‌ని మాత్రం ఎవరూ అనుమానించరు. అది కదిలేది కాదు, కరెంటుతో పనిచేసేది కాదు, చూడ్డానికి ఉత్త మూత.

ఆ మూత, దాని కింద ప్లగ్గులు, వాటికి కరెంటు తెచ్చే వైర్లు బిల్లులో మూడు వేర్వేరు పద్దులు. కానీ 16 వాల్వుల (సిలిండర్లోకి గాలి రావడానికి, పొగ పోవడానికి తెరుచుకునే తలుపుల) ఇంజన్లలో చాలాసార్లు మూడూ కలిపి ఒకటే జబ్బు. ఏది ఎవరిని పాడుచేసిందో తెలియకుండా ఒకదాన్నే మారిస్తే, మిగతా రెండూ కొత్తదాన్ని కూడా తమ దారికే తెచ్చుకుంటాయి.

మాట్లాడుకోడానికి ఒక బండి తీసుకుందాం. 1998లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మొదటి తరం హోండా సిటీ. నాలుగు సిలిండర్లు, సిలిండరుకి నాలుగు వాల్వులు, పైన వాటిని తెరిపించే కడ్డీ, అంటే క్యామ్‌షాఫ్ట్, ఒక్కటే. ఆ క్యామ్‌షాఫ్ట్ చివర తిరుగుతూ ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, అందులోంచి నాలుగు ప్లగ్గులకీ నాలుగు వైర్లు. ఇప్పటికీ దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ జబ్బు ఎలా పుడుతుందో, ఎలా ముదురుతుందో ఆ ఇంజన్లో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

అంబాసిడర్, పద్మిని, మారుతి 800 బోనెట్ ఎత్తితే ప్లగ్గులు హెడ్డు (ఇంజను పై భాగం) పక్కన బయటికే కనిపిస్తాయి. టాపెట్ కవర్ కారినా నూనె ఇంజను పక్కలమ్మట జారి, మసి పట్టి, వేడి తగిలిన చోట వాసన వచ్చి తన సంగతి తానే చెబుతుంది. సిటీలాంటి ఇంజన్లలో ఆ వీలు లేదు. సిలిండర్ నెత్తిన నాలుగు వాల్వులు పరుచుకున్నాక ప్లగ్గుకి మిగిలేది నట్టనడుమ చోటు ఒక్కటే. మంట అన్ని వైపులా సమానంగా పాకడానికి కూడా అదే మంచి చోటు. అందుకని ప్లగ్గుని లోతైన బావిలాంటి గొట్టంలో దింపారు. ఆ గొట్టం టాపెట్ కవర్‌ని చీల్చుకుని పైకి వస్తుంది. గొట్టం చుట్టూ క్యామ్‌షాఫ్ట్, వాల్వుల్ని నొక్కే రాకర్లు, వాటి మీద చిమ్ముతూ ఉండే వేడి నూనె. గొట్టం లోపల మాత్రం పొడిగా ఉండాలి. కవర్‌ అంచు చుట్టూ ఉండేది పెద్ద ప్యాకింగ్. గొట్టాల దగ్గర నాలుగు గుండ్రటి రబ్బరు సీళ్ళు. నూనెకీ ప్లగ్గుకీ మధ్య ఉన్న కాపలా ఆ వేలెడంత రబ్బరు రింగే.

రబ్బరు ఏళ్ళ తరబడి ఇంజను వేడికి ఉడికి గట్టిపడుతుంది. గోటితో నొక్కితే సొట్టపడి మళ్ళీ లేవాల్సింది ప్లాస్టిక్ ముక్కలా టక్కున విరుగుతుంది. అప్పుడు నూనె బొట్టుబొట్టుగా గొట్టంలోకి దిగుతుంది. నేల మీద మరక పడదు, ఇంజను పైన తడి కనపడదు. గేజిలో నూనె మట్టం కూడా పెద్దగా తగ్గదు. నాలుగు చెంచాల నూనె అక్కడ చేరినా బండి మామూలుగానే తిరుగుతుంది, ఎందుకంటే ఇంజన్ ఆయిల్ కరెంటుని పారనివ్వదు. ట్రాన్స్‌ఫార్మర్లలో నూనె పోసేది చల్లబరచడానికే కాదు, ఆ గుణం కోసం కూడా. కాబట్టి నూనె దిగగానే షార్ట్ అయిపోతుందన్న మాట నిజం కాదు. నూనె చేసే హాని నెమ్మదిగా, వేరే దారిలో జరుగుతుంది.

వైరు చివర ప్లగ్గు మీద బిగుతుగా కూర్చునే రబ్బరు తొడుగు ఉంటుంది. మనవాళ్ళు ప్లగ్ క్యాప్ అంటారు. అది వేడికి తట్టుకునే రబ్బరు కానీ, నెలల తరబడి నూనెలో నానడానికి చేసింది కాదు. నానిన కొద్దీ ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ప్లగ్గు మీద పట్టు సడలుతుంది. అలాంటి వైరుని బయటికి లాగి చూస్తే తొడుగు అంచు వాచి, తేనె రంగు జిగట అంటుకుని, వేళ్ళ మధ్య జారుతుంది. మంచి తొడుగు ప్లగ్గు నుంచి వచ్చేటప్పుడు టప్‌మని చప్పుడు చేస్తుంది. ఇది మాత్రం చడీచప్పుడూ లేకుండా ఊడి వచ్చేస్తుంది.

ఇక కరెంటు సంగతి. బ్యాటరీలోని 12 వోల్టుల్ని కాయిల్ 20 వేలు దాటించగలదు. ఎంత కావాలన్నది అవసరాన్ని బట్టి మారుతుంది. ప్లగ్గు కొనల మధ్య ఖాళీని దూకడానికి ఎంత కావాలో అంతవరకే వోల్టేజి పెరుగుతుంది. అది దూకగానే పెరగడం ఆగుతుంది. ఆ ‘ఎంత’ అన్నది ముఖ్యంగా రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: ఖాళీ ఎంత ఉంది, ఆ క్షణాన సిలిండర్లో ఒత్తిడి ఎంత ఉంది. బండి ఊరికే ఐడిల్‌లో ఉన్నప్పుడు సిలిండర్లోకి వచ్చే గాలి తక్కువ, ఒత్తిడి తక్కువ, తక్కువ వోల్టేజికే స్పార్క్ దూకేస్తుంది. నాలుగో గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ అదిమితే సిలిండర్ నిండా గాలి, దాని ఒత్తిడి పెరుగుతుంది, కావలసిన వోల్టేజి కూడా పెరుగుతుంది. మొక్కలకి నీళ్ళు పెట్టే పైపు కొసన బొటనవేలు అదిమితే పైపు మధ్యలో ఎక్కడ చిల్లుందో అక్కడ నీళ్ళు చిమ్ముతాయి కదా, అలాగే ఇక్కడ కూడా కరెంటు సడలిన తొడుగు లోపలి నుంచి, ప్లగ్గు తెల్లటి పింగాణీ పక్కనుంచి జారి ఇనుప భాగంలోకి దూకేస్తుంది. సిలిండర్లో మంట అంటుకోదు. మనకి తెలిసేది జర్కు.

షెడ్డు ముందు ఐడిల్‌లో చూస్తే బండిలో ఏ దోషమూ కనపడకపోవడానికి కారణం ఇదే. లోడు మీద వచ్చే మిస్సింగ్‌ని నిలబెట్టిన బండిలో వెతికితే దొరకదు.

కొత్త ప్లగ్గులు వేయగానే బాగుపడినట్టు కనిపించడం కూడా ఇక్కడే అర్థమవుతుంది. వాడిన ప్లగ్గు కొనలు అరిగి గుండ్రబడతాయి, ఖాళీ పెరుగుతుంది. కొత్తదాని అంచులు పదునుగా ఉంటాయి, ఖాళీ సరిగ్గా ఉంటుంది. కాబట్టి తక్కువ వోల్టేజికే స్పార్క్ వస్తుంది. అంత తక్కువ వోల్టేజిని సడలిన తొడుగు కూడా ఎలాగో కాయగలదు. లీకు పోలేదు, దానికి పని పడలేదంతే. ప్లగ్గు కాస్త అరగగానే, లేదా ఒక వానాకాలపు తేమ రోజున, అది మళ్ళీ బయటపడుతుంది.

దీనికి తోడు ఇంకొకటుంది. కరెంటు పింగాణీ మీదుగా జారిన ప్రతిసారీ అక్కడ సన్నగా కాలిన గీత మిగులుతుంది. ప్లగ్గుని వెలుతురులో తిప్పి చూస్తే పెన్సిలుతో నిలువుగా గీసినట్టు నల్లటి చార కనిపిస్తుంది. అది మసి, అంటే కరెంటు నడిచే దారి. ప్లగ్గు మారిస్తే ఆ గీత పోతుంది. కానీ సరిగ్గా దానికి ఎదురుగా తొడుగు లోపలి గోడ మీద ఉన్న జంట గీత అలాగే ఉంటుంది. పాత తొడుగులో కొత్త ప్లగ్గు దూర్చామంటే, కొత్త పింగాణీ మీద కూడా అదే గీత పడటానికి దారి సిద్ధం చేసి పెట్టినట్టే. అందుకే గీత కనపడిన ప్లగ్గుతో పాటు దాని వైరు కూడా పోవాల్సిందే. ఈ విషయంలో బేరాలు పనికిరావు.

పింగాణీ మీద ఇనుప భాగానికి కాస్త పైన గోధుమ రంగు వలయంలాంటిది కూడా కనిపిస్తుంటుంది. దాన్ని చూసి గ్యాస్ లీకవుతోందని కంగారుపడతారు. అధిక వోల్టేజి దగ్గర గాలిలోని సన్నటి నూనె తుంపరలు అంటుకోవడం వల్ల వచ్చే మరక అది, హాని లేదు. నిలువు గీతకి భయపడాలి, అడ్డు వలయానికి కాదు.

ముందు చూడవలసినవి

ప్లగ్గు విప్పగానే నూనె ఎక్కడ ఉందో చూడాలి. పై భాగం, మరలు, ఆరు పలకల నట్టు తడిగా ఉండి, కింది కొన పొడిగా లేత గోధుమ రంగులో ఉంటే నూనె పై నుంచి దిగింది. అంటే టాపెట్ కవర్ సీళ్ళు. కింది కొనే నల్లగా, నూనెతో జిడ్డుగా ఉంటే నూనె సిలిండర్ లోపలి నుంచి వస్తోంది. అంటే పిస్టన్ రింగులో వాల్వు సీళ్ళో. అది టాపెట్ ప్యాకింగ్ మారిస్తే పోయేది కాదు, చాలా పెద్ద పని. కొన మీద పొడి నల్లమసి ఉంటే నూనె సంగతే కాదు, పెట్రోలు పాలు ఎక్కువైంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ‘ప్లగ్గులు నల్లబడ్డాయి’ అనేయడం వల్ల ఎంత డబ్బు వృథా అవుతుందో.

వైర్లకి మల్టీమీటర్ పరీక్ష అందరికీ తెలిసిందే. సిటీలో ఉన్న ఈ డి-సిరీస్ ఇంజన్లకి హోండా చెప్పిన హద్దు వైరుకి 25 కిలో ఓములు, అది దాటితే మార్చాలి. కానీ దాటలేదు కాబట్టి వైరు బాగుందనుకోవడం పొరపాటు. లోపలి తీగ తెగిందా లేదా అన్నదే మీటరు చెప్పగలదు. అది వాడేది చిన్న బ్యాటరీ వోల్టేజి. 20 వేల వోల్టుల దగ్గర తొడుగు కారుతుందో లేదో చెప్పడం దాని వల్ల కాదు. అందుకు పాత పద్ధతే మేలు. చీకట్లో బోనెట్ ఎత్తి, ఇంజన్ ఆన్ చేసి, వైర్ల మీద నీటి తుంపర సన్నగా చల్లితే, లీకున్న చోట నీలి మెరుపులు గెంతుతాయి. చేతులు మాత్రం దూరంగా ఉండాలి, ఆ వోల్టేజి ఆటలాడేది కాదు.

కొత్త బళ్ళలో కంప్యూటర్ దాచిపెట్టిన లోపాల కోడ్లని చదివే స్కానర్ కొంత పని తగ్గిస్తుంది. పి0301 నుంచి పి0304 వరకు కోడ్లలో చివరి అంకె ఏ సిలిండర్ మిస్ అవుతోందో చెబుతుంది, పి0300 అయితే ఒక్కచోటని కాదు. ఎందుకు మిస్ అవుతోందో మాత్రం కోడ్ చెప్పదు. ఇంజన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే బండి నడపకుండా ఉండటం మంచిది. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి మండి, దాన్ని లోపలే కరిగించేస్తుంది. దాని ధర ముందు ఈ సీళ్ళు, ప్లగ్గులు, వైర్లు అన్నీ కలిపినా చిల్లరే.

హోండాల్లో ఇంకో చోటు కూడా చూడాలి. డిస్ట్రిబ్యూటర్ హెడ్డుకి ఆనుకునే దగ్గర ఒక ఓ-రింగ్ ఉంటుంది. అది గట్టిపడితే ఆ మూల నుంచే నూనె కారుతుంది, చూసేవాళ్ళు టాపెట్ ప్యాకింగ్ అనుకుంటారు. కవర్ అంచు పైన పొడిగా ఉండి, డిస్ట్రిబ్యూటర్ కింద తడి ఉంటే నేరం ఆ ఓ-రింగ్‌ది.

విప్పేటప్పుడు, బిగించేటప్పుడు

ఇంజను పూర్తిగా చల్లారాలి. హెడ్డు అల్యూమినియం, వేడి మీద ప్లగ్గు విప్పితే మరలు చెడిపోతాయి. వైర్లని ఒక్కొక్కటిగా తీసి, ఒక్కొక్కటిగానే పెట్టడం మంచిది, లేదా ముందే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోవాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్లలో సాధారణంగా మంట వరస 1-3-4-2. రెండు వైర్లు తారుమారైతే కొత్త సామానుతోనే కొత్త మిస్సింగ్ మొదలవుతుంది. వైరుని పట్టుకుని లాగకూడదు. తొడుగుని పట్టి కాస్త తిప్పి లాగాలి.

గొట్టంలో నూనె ఉంటే ప్లగ్గు విప్పేముందు దాన్ని తీసెయ్యాలి. గుడ్డ చుట్టిన పుల్లతోనో, సిరంజికి సన్న గొట్టం తగిలించో లాగేయొచ్చు. మిగిలిన కొద్దిపాటి నూనె సిలిండర్లోకి దిగినా పెద్ద ప్రమాదం లేదు, మొదటి స్టార్టులో పొగ వచ్చి పోతుంది. భయపడాల్సింది ఇసుక గురించి. గొట్టం అడుగున చేరిన దుమ్ము ప్లగ్గు తీయగానే లోపల పడి సిలిండర్ గోడల్ని గీరుతుంది. ప్లగ్గుని ఒక చుట్టు వదులు చేసి, గాలి కొట్టి, ఆ తర్వాత పూర్తిగా విప్పాలి.

కవర్ తీశాక అసలు పని శుభ్రం చేయడమే, కొత్త ప్యాకింగ్ వేయడం దాని తర్వాత. పాత సీళ్ళు విరిగి ముక్కలుగా వస్తే ఒక్క ముక్క కూడా క్యామ్‌షాఫ్ట్ వైపు పడకుండా చూడాలి. హెడ్డు అంచుని బ్లేడుతో గీకితే మెత్తటి అల్యూమినియం మీద గాట్లు పడతాయి, ఆ గాట్లలోంచే కొత్త ప్యాకింగ్ కారుతుంది. ప్లాస్టిక్ ముక్కతో గీకి, గుడ్డతో తుడిచి, ఆ అంచుల్ని పొడిగా ఉంచాలి. మన షెడ్లలో చాలాచోట్ల ప్యాకింగ్ చుట్టూరా సిలికాన్ పేస్టు దట్టించి బిగించే అలవాటు ఉంది. నాకు ఇది బొత్తిగా నచ్చదు. రబ్బరు ప్యాకింగ్ నొక్కుకుని సీల్ అయ్యేలా చేసినది. దాని కింద పేస్టు ఉంటే అది జారుతుంది. లోపలికి పిండుకొచ్చిన పేస్టు ఊడి, నూనెతో పాటు సంపు (ఇంజను అడుగున నూనె ఉండే తొట్టి) దాకా పోయి, నూనె పీల్చే జల్లెడకి అడ్డం పడగలదు. క్యామ్‌షాఫ్ట్ చివరల్లో ప్యాకింగ్ వంపు తిరిగే మూలల దగ్గర మాత్రం కాస్త పేస్టు పెట్టమని హోండా కూడా చెబుతుంది. అక్కడ, అంతవరకే.

నట్లు బిగించడం ఈ పనిలో అన్నిటికంటే నాజూకైన భాగం. మధ్యలో మొదలుపెట్టి బయటికి, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. చివరి బిగింపు దాదాపు 10 న్యూటన్ మీటర్లు, అంటే ఒక మీటరు పొడవు కమ్మీ కొసన కిలో బరువు వేలాడదీసినంత. చిన్న పానా పట్టుకున్న మణికట్టుకి అది చాలా తేలిక. కారుతోంది కదా అని ఇంకాస్త బిగిస్తే ప్యాకింగ్ నలిగి పక్కకి జారుతుంది, లేదా స్టడ్డు విరుగుతుంది. కారే కవర్‌ని బిగించి ఆపిన బండి మళ్ళీ కారుతుంది.

ప్లగ్గులకి ఈ ఇంజన్లో ఖాళీ 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు, బిగింపు 18 న్యూటన్ మీటర్లు. చేత్తోనే మరలు పట్టించాలి, పానా చివర్లోనే. బిగింపుని కొలిచే టార్క్ పానా లేకపోతే, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుని చేతికి ఆగిన దగ్గర్నుంచి సుమారు అర చుట్టు తిప్పితే వాషర్ నలిగి సరిగ్గా కూర్చుంటుంది. వాడిన ప్లగ్గునే మళ్ళీ పెడుతుంటే అంత అక్కర్లేదు, వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది. మరలకి గ్రీజు పూయడం వద్దు. జారుడు వల్ల మనకి తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది. ఇరీడియం ప్లగ్గులైతే కొన సూదిలా ఉంటుంది, గేజి దూర్చి సరిచేయబోతే విరుగుతుంది. మామూలు నికెల్ ప్లగ్గులు 20 నుంచి 30 వేల కిలోమీటర్లు, ఇరీడియంవి లక్ష దాకా వస్తాయి. కొనేటప్పుడు పేరున్న కంపెనీ డబ్బాల్లో నకిలీ ప్లగ్గులు కూడా అమ్ముతారని గుర్తుంచుకుని, సికింద్రాబాద్ రాణీగంజ్ అయినా విజయవాడ ఆటోనగర్ అయినా బిల్లు ఇచ్చే కొట్టులోనే తీసుకోండి.

సీఎన్జీ కిట్టు వేయించిన బళ్ళకి ఈ లెక్క ఇంకా కఠినం. సీఎన్జీకి స్పార్క్ దూకడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. పెట్రోలు మీద నున్నగా తిరిగే బండి గ్యాసుకి మారగానే జర్కిస్తే, కిట్టుని తిట్టేముందు ప్లగ్గుల ఖాళీ, వైర్లు చూడాలి. చాలామంది మెకానిక్కులు గ్యాసు బళ్ళకి ఖాళీని కాస్త తగ్గించేది కూడా అందుకే.

సీళ్ళు ఎందుకు పోయాయి?

వయసు వల్ల పోతే సరే, పదేళ్ళు దాటిన రబ్బరుని తప్పుపట్టలేం. కొత్త ప్యాకింగ్ వేసిన ఏడాదికే మళ్ళీ కారితే మాత్రం జబ్బు ఇంకా లోతుల్లో ఉంది. సిలిండర్లో మండిన గ్యాసు కొంత పిస్టన్ రింగుల్ని దాటి కిందికి, ఇంజను పొట్టలోకి వస్తుంది. పూర్వం దాన్ని గొట్టంతో బయటికి వదిలేసేవారు. 1960ల ఆరంభంలో కాలిఫోర్నియాలో పొగ కాలుష్యం మీద పోరాటం మొదలైనప్పుడు, దాన్ని మళ్ళీ ఇంజనులోకే లాగి కాల్చే పీసీవీ వాల్వు తప్పనిసరైంది. టాపెట్ కవర్ దగ్గరో, దాని పక్క గొట్టంలోనో ఉండే చిన్న వాల్వు అది. బంకతో మూసుకుపోతే లోపలి ఒత్తిడికి పోయే దారి లేక బలహీనమైన సీలు దొరికిన చోటల్లా నూనెని తోస్తుంది. వాల్వు తీసి చెవి దగ్గర ఊపితే టకటక మోగాలి. మోగకపోతే మార్చడమే. చాలా ఇంజన్లలో అది ప్యాకింగ్ కన్నా చవక, విప్పడమూ తేలిక. అయినా దాన్ని చూసేవాళ్ళు తక్కువ. వాల్వు బాగున్నా, ఐడిల్‌లో నూనె పోసే మూత తీస్తే గ్యాసు ఉఫ్ఫున ఎగదన్నుతుంటే రింగులు అరిగాయని అర్థం. అప్పుడు ఎన్ని ప్యాకింగులు వేసినా ఆగదు.

మొత్తం కవర్‌నే మార్చాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. సిటీ కవర్ లోహంది, మంచిగా వాడితే బండి ఉన్నంతకాలం ఉంటుంది. ఇప్పటి చాలా కార్లలో అది ప్లాస్టిక్‌ది. వేడికి వంకర తిరుగుతుంది, ఎక్కువ బిగిస్తే పగులుతుంది. కొన్నింట్లో, ఉదాహరణకి కొన్ని నిస్సాన్ వీ6 ఇంజన్లలో, గొట్టాల సీళ్ళు కవర్‌లోనే నొక్కి పెట్టి ఉంటాయి, విడిగా అమ్మరు. అమెరికాలో తిరిగే షెవర్లే క్రూజ్ 1.4 పెట్రోల్ టర్బోలో పీసీవీ పొర కూడా కవర్‌లోనే ఉంటుంది. ఆ పొర చిరిగితే కవర్ మొత్తం మార్చాలి. అక్కడ చదువుకునే మన పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి బండి కొనేముందు ప్లగ్గుల గొట్టాల్లోకి టార్చి వేసి చూడటం మంచిది.

ఇలాంటి బళ్ళలో చాలావాటికి వైర్లు కూడా ఉండవు, ప్లగ్గు నెత్తినే కాయిల్ కూర్చుంటుంది. రబ్బరు తొడుగు మాత్రం అలాగే ఉంటుంది, నూనెలో అలాగే నానుతుంది. చాలా కాయిళ్ళకి కింది రబ్బరు విడిగా దొరుకుతుంది. కాయిల్ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే, ముందు ఆ కాయిల్‌ని బాగున్న సిలిండర్ మీదికి మార్చి చూడండి. మిస్సింగ్ కాయిల్ వెంట కదిలితే తప్పు దానిదే, కదలకపోతే ప్లగ్గు, గొట్టం చూసుకోవాలి.

పనంతా అయ్యాక ఇంజను తడి పూర్తిగా తుడిచి, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒక్కసారి నాలుగు తొడుగులూ లాగి గొట్టాల్లోకి వెలుతురు వేయండి. నాలుగూ పొడిగా ఉంటే పని సరిగ్గా కుదిరింది. ఒక్కదాంట్లోనే తడి ఉంటే ఆ సీలు సరిగ్గా కూర్చోలేదు, కవర్ మళ్ళీ తీసి చూడాలి. నాలుగింట్లోనూ తడి ఉంటే ఇంకో ప్యాకింగ్ కొనకుండా పీసీవీ దగ్గర మొదలుపెట్టండి.